కౌంటర్ దగ్గర ఓడిన హైదరాబాద్ ఫోన్

తెలంగాణ రాష్ట్రం వచ్చిన 2014లోనే హైదరాబాద్ కంపెనీ సెల్‌కాన్ ‘క్యాంపస్ ఏ35కె’ అనే స్మార్ట్‌ఫోన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ధర 2,999 రూపాయలు. మూడున్నర అంగుళాల తెర, రెండు సిమ్‌లు, ఆండ్రాయిడ్‌లో అప్పటికి సరికొత్తదైన కిట్‌క్యాట్. మూడు వేల లోపు కిట్‌క్యాట్ ఫోన్ అంటే ఆ రోజుల్లో వార్తే. ర్యామ్ మాత్రం 256 ఎంబీ.

సెల్‌కాన్ ఫోన్లు ఎందుకు కనబడకుండా పోయాయని అడిగితే ఎవరైనా చైనా కంపెనీల పేరు చెబుతారు, లేదా జియో పేరు చెబుతారు. రెండూ నిజమే. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆ 256 అంకె. దాని పక్కనే ‘క్యాంపస్’ అన్న పేరు.

అప్పుడు నేను ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతూ, సాయంత్రాలు తార్నాకలో మా బావ మొబైల్ షాపులో కూర్చునేవాణ్ణి. రీఛార్జిలు, స్క్రీన్‌గార్డులు, పౌచ్‌లు, చిన్న చిన్న రిపేర్లు, నాలుగైదు కంపెనీల కొత్త ఫోన్లు. మా గిరాకీలో ఎక్కువ మంది ఓయూ హాస్టళ్ల పిల్లలే. ఇఫ్లూ విద్యార్థులు వచ్చేవాళ్లు, ఆర్టీసీ ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చిన డ్రైవర్లు, కండక్టర్లు వచ్చేవాళ్లు, లాలాపేట నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఒక ఫోన్ నిలబడుతుందా పడిపోతుందా అన్నది టీవీలో తేలకముందే మా కౌంటర్ మీద తేలిపోయేది. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. మార్కెట్ల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ కౌంటర్ దగ్గర చూసినంత స్పష్టంగా ఏదీ కనిపించలేదు.

సెల్‌కాన్‌ను 2009లో వై. గురు హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. అది దేశీ ఫోన్ కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చిన కాలం. మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, ఇంటెక్స్, స్పైస్. చాలావరకు పద్ధతి ఒకటే. చైనాలోని షెన్‌జెన్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారైన డిజైన్లను ఎంచుకోవడం, కొద్దిపాటి మార్పులు చేయించుకోవడం, తమ పేరు వేసుకుని ఇక్కడ అమ్మడం. నోకియా ధరలో సగానికే రెండు సిమ్‌లు, పెద్ద స్పీకరు, మెమరీ కార్డు పెట్టుకునే చోటు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఏం అడుగుతున్నారో ఈ కంపెనీలకు పెద్ద కంపెనీల కంటే ముందే తెలిసింది. ఆ తెలివికి నేను ఇప్పటికీ గౌరవం ఇస్తాను. సెల్‌కాన్ విషయంలో ఇంకొంచెం ఎక్కువ ఆశ ఉండేది, అది మన ఊరి కంపెనీ కాబట్టి. బాక్సు మీద హైదరాబాద్ అని చూస్తే గిరాకీకి చూపించేటప్పుడు గొంతు కాస్త పెరిగేది.

ఆ కంపెనీ పేరు కోసం ఏ స్థాయిలో ఖర్చు పెట్టిందో చెప్పాలంటే 2013కి వెళ్లాలి. ఆ ఏడాది జూన్ 28 నుంచి జూలై 11 వరకు వెస్టిండీస్‌లో భారత్, శ్రీలంక, వెస్టిండీస్ ఆడిన ముక్కోణపు వన్డే సిరీస్ పేరు ‘సెల్‌కాన్ మొబైల్ కప్’. ఫైనల్ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో. మనకు అర్ధరాత్రి దాటాక తేలిన మ్యాచ్ అది. శ్రీలంక మీద 202 పరుగులు కొట్టాలి. చివరి ఓవర్లో 15 కావాలి, చేతిలో ఒక్క వికెట్, క్రీజులో ధోనీ, అవతల ఇషాంత్ శర్మ. శ్రీలంక బౌలర్ ఎరంగా వేసిన మొదటి బంతికి పరుగు లేదు. తర్వాత ధోనీ వరసగా 6, 4, 6. రెండు బంతులు మిగిలుండగానే కప్పు మనది.

ఆ రాత్రి చూసినవాళ్లను ఇప్పుడు అడగండి. ధోనీ గుర్తుంటాడు, ఇషాంత్ ఎలా నిలబడ్డాడో గుర్తుంటుంది. కప్పు పేరు ఏమిటంటే ఆగిపోతారు. నేను నా క్లాసుల్లో క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లలను అడిగాను, ఆ మ్యాచ్ చూసిన సాటి లెక్చరర్లను కూడా అడిగాను. మైదానం చుట్టూ ఉన్న బోర్డుల మీద, బహుమతి ఇచ్చే వేదిక మీద కనిపించిన పేరు ఒక్కరికీ తట్టలేదు. ఒక హైదరాబాద్ కంపెనీ కరీబియన్ దీవుల్లో కప్పుకు పేరు పెట్టించుకోవడం మామూలు విషయం కాదు. కానీ పేరు కనిపించడం వేరు, ఆ పేరున్న వస్తువు కొనాలనిపించడం వేరు. మ్యాచ్ చూసి మరుసటి రోజు మా షాపుకు వచ్చి ఆ ఫోన్ ఉందా అని అడిగినవాళ్లు నాకు గుర్తులేరు. ధోనీ కొట్టిన షాట్ల గురించి కౌంటర్ దగ్గర గంటసేపు మాట్లాడుకున్నవాళ్లు మాత్రం ఎంతమందో!

ముఖాల సంగతీ ఇలాంటిదే. సెల్‌కాన్‌కు విరాట్ కోహ్లి, తమన్నా ప్రచారకర్తలుగా పనిచేశారు. ఇద్దరూ పిల్లలకు ఇష్టమైనవాళ్లే. అయితే స్టార్ ముఖం కంపెనీకి అద్దెకు వచ్చేదే, సొంతం కాదు. అదే కోహ్లి 2017లో జియోనీకి ప్రచారం చేశాడు, 2021లో వివోకు చేశాడు. ఆయన తప్పేమీ లేదు, అది ఆయన వృత్తి. మైక్రోమ్యాక్స్ అయితే 2013లో ఏకంగా హాలీవుడ్ నటుడు హ్యూ జాక్‌మన్‌నే తెచ్చింది. జియోనీ ఖరీదైన ముఖాలతో, పెద్ద పెద్ద హోర్డింగులతో వచ్చి, 2018 చివరికల్లా చైనాలో దివాలా విచారణకు చేరింది. పేరు తెలియని కంపెనీకి మొదట్లో ఒక ముఖం అవసరమే, ఒప్పుకుంటాను. పేరు తెలిశాక మనిషి అడిగే ప్రశ్న మారిపోతుంది. ‘ఇది ఎవరి ఫోన్’ అని అడగడు, ‘ఇది ఎన్నాళ్లు వస్తుంది’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు కోహ్లి దగ్గర జవాబు ఉండదు.

ఇక ఆ 256 ఎంబీ సంగతి. ర్యామ్ అంటే ఫోన్ ఆ క్షణంలో చేస్తున్న పనులన్నీ పెట్టుకునే చోటు. ఆండ్రాయిడ్ తన కోసం దాంట్లో చాలా భాగం ముందే తీసుకుంటుంది. మిగిలిన దాంట్లో ఫోన్ మాట్లాడటం, మెసేజ్, వాట్సాప్, ఫేస్‌బుక్, కీబోర్డు అన్నీ సర్దుకోవాలి. ఇద్దరికి ఇచ్చిన హాస్టల్ గదిలో ఎనిమిది మంది ఉన్నట్టు. ఒకరు లోపలికి రావాలంటే ఇంకొకరు వరండాలోకి పోవాల్సిందే. ఫోన్ ‘హ్యాంగ్’ కావడం అంటే ఎక్కువసార్లు ఇదే. 2013 అక్టోబర్ 31న కిట్‌క్యాట్‌ను ప్రకటించినప్పుడు గూగుల్, చవక ఫోన్లను దృష్టిలో పెట్టుకుని దీన్ని 512 ఎంబీ ర్యామ్‌లోనూ నడిచేలా తీర్చిదిద్దామని చెప్పుకుంది. అంటే తయారుచేసినవాళ్లు ‘తక్కువ’ అని చెప్పిన దాంట్లో సగం, ఏ35కెలో ఉన్నది. కిట్‌క్యాట్ అన్న పేరును ప్రకటనకు వాడుకున్నారు, ఆ పేరుకు కావాల్సిన చోటు ఫోన్‌లో ఇవ్వలేదు.

ఆ రోజుల్లో 256 ఎంబీ ఫోన్లు చాలా కంపెనీలు అమ్మాయి. అవి మా దగ్గరికి ఎలా తిరిగి వచ్చేవో చెబుతాను. ఒక్కో కుర్రాడిది ఒక్కో కంపెనీ, మాట మాత్రం ఒకటే.

“అన్నా, వాట్సాప్ తెరుస్తుంటే హ్యాంగ్ అయితుంది. గ్రూప్‌ల పీడీఎఫ్ పెట్టిన్రు, డౌన్‌లోడ్ అయితలేదు.”

“ఫొటోలు కార్డులకు మార్చినవా తమ్ముడూ?”

“మార్చిన. గేములు గూడ తీసేసిన. ఇంక తీసెయ్యనీకి ఏం లేదన్నా.”

నిజంగానే ఏమీ ఉండేది కాదు. ర్యామ్ ఒక్కటే కాదు, ఫైళ్లు దాచుకునే లోపలి మెమరీ కూడా ముందే చిన్నది, అందులో చాలావరకు సిస్టమే ఆక్రమించుకుని ఉండేది. ఫొటోలు కార్డుకు పోతాయి కానీ వాట్సాప్ కార్డు మీదికి పోదు, ఫోన్ లోపలే ఉండాలి. నేను సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్లు తీసేసేవాణ్ణి. కొన్ని పదుల ఎంబీలు ఖాళీ అయ్యేవి. పిల్లవాడి ముఖం వెలిగేది. అక్కడే నిలబడి పీడీఎఫ్ దింపుకునేవాడు. అతను హాస్టల్‌కు పోయి నెట్ ఆన్ చేస్తే చాలు, ఒకటి రెండు రోజుల్లో ఆ అప్‌డేట్ తనంతట తానే మళ్లీ వచ్చి కూర్చునేది. మళ్లీ మెమరీ ఫుల్. మళ్లీ మా షాపు. ఆఖరికి ‘సాఫ్ట్‌వేర్ కొట్టించాలి’ అనుకునేవాళ్లు. కొట్టినా అదే కథ, ఎందుకంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో లేదు.

ఆ పీడీఎఫ్‌లు కాలక్షేపానికి కాదని కూడా చెప్పాలి. కొత్త రాష్ట్రం వచ్చింది, 2014 ఆగస్టులో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది, నోటిఫికేషన్ల కోసం క్యాంపస్ అంతా కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది. కరెంట్ అఫైర్స్, పాత ప్రశ్నపత్రాలు, తెలంగాణ ఉద్యమ చరిత్ర నోట్సులు గ్రూపుల్లో తిరిగేవి. ల్యాప్‌టాప్ లేని పిల్లలకు ఆ ఫోనే లైబ్రరీ. ‘క్యాంపస్’ అని పేరు పెట్టి అమ్మే ఫోన్‌తో క్యాంపస్‌లో ఏం చేస్తారన్నది ఆ పేరు పెట్టినవాళ్లు ఒక్కరోజు ఓయూ లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటే తెలిసేది. 2,999 ఫోన్ చెడ్డదని నేను అనను. కాల్స్ చేసుకుని, పాటలు విని, అప్పుడప్పుడు ఫేస్‌బుక్ చూసుకునేవాళ్లకు ఆ ధరలో అది మంచి బేరమే. ఊళ్లో ఉన్న అమ్మకు కొనిస్తే ఆమె సంతోషపడేది. దాన్ని అందరికంటే ఎక్కువ పని చేయించుకునే విద్యార్థికి చూపించి అమ్మడమే అసలు పొరపాటు.

హాస్టల్లో ఒక మాట ఎంత వేగంగా పాకుతుందో బయటివాళ్లకు తెలియదు. మెస్ లైన్‌లో ఒకడి ఫోన్ హ్యాంగ్ అయితే వెనక నిలబడ్డవాళ్లందరూ చూస్తారు. రాత్రికి ఆ బ్లాకంతా తెలుస్తుంది. దసరాకు ఊరికి పోయినప్పుడు తమ్ముడికి, మేనమామకు, పక్కింటివాళ్లకు ఏ ఫోన్ కొనాలో చెప్పేది ఈ పిల్లవాడే. ఇంటికి పెద్ద చదువులు చదివేవాడు కదా, వాడి మాట చెల్లుతుంది. విద్యార్థికి అమ్మిన ఒక్క ఫోన్ ఒక వాడకు అమ్మినట్టే, మంచికైనా చెడుకైనా.

చేతిలో ఉన్న ఫోన్ చేయలేని దాన్ని చేస్తుందని చూపించడం సెల్‌కాన్‌కో, చిన్న కంపెనీలకో పరిమితమైన జబ్బు కాదు. 2012 సెప్టెంబర్‌లో నోకియా లూమియా 920ని విడుదల చేస్తూ ఒక వీడియో చూపించింది. సైకిల్ తొక్కుతున్న అమ్మాయిని పక్క నుంచి తీస్తున్నట్టు, కుదుపుల్లేకుండా ఎంత బాగా వస్తోందో చూడండన్నట్టు. ఆ వీడియోలోనే ఒక కిటికీ అద్దంలో వ్యాను, అందులో పెద్ద కెమెరాతో మనిషి ప్రతిబింబం కనిపించింది. వీడియో లూమియాతో తీసింది కాదని తేలి నోకియా క్షమాపణ చెప్పింది. బాధ ఏమిటంటే ఆ ఫోన్ కెమెరా నిజంగానే మంచిది. ఉన్న మంచినే చూపించి ఉంటే సరిపోయేది. అప్పటికే కష్టాల్లో ఉన్న కంపెనీకి తొందర ఎక్కువ, ఆ తొందరే ముంచుతుంది.

బ్లాక్‌బెర్రీ తొందర ఇంకో రకం. 2010లో వొడాఫోన్ చేసిన ‘బ్లాక్‌బెర్రీ బాయ్స్’ ప్రకటనతో ఆ ఫోన్ మన దగ్గర కుర్రకారుకు కూడా చేరింది. 2013 ఫిబ్రవరిలో జెడ్10 వచ్చేసరికి ధర 43,490 పెట్టారు. అదే సెప్టెంబర్‌కు 29,990. మొదటి నెలల్లో కొన్నవాళ్లు ఎవరు? ఆ కంపెనీ మీద అందరికంటే నమ్మకం ఉన్నవాళ్లు. వాళ్లే ఎక్కువ నష్టపోయారు. షాపు నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు. ధర ఒక్కసారిగా పడితే గిరాకీ వచ్చి కొత్తది కొనడు, ఇంకా తగ్గుతుందేమో చూద్దామని ఆగుతాడు.

సర్వీసు గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ఒక ఎం.ఎస్సీ. అమ్మాయి టచ్ పగిలిన ఫోన్ తెచ్చింది. ఉత్తరాది నుంచి వచ్చే ఒక కంపెనీది, పేరు అవసరం లేదు. సర్వీస్ సెంటర్‌లో స్పేర్ లేదన్నారట. నేను అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కు పోయాను. ఫోన్ విడిభాగాలకు హైదరాబాద్‌లో అంతకు మించిన చోటు లేదు. మోడల్ నంబరు చెప్పగానే షాపతను తల అడ్డంగా ఊపాడు. అదే కంపెనీ అంతకు మూడు నెలల ముందు తెచ్చిన ఫోన్ టచ్ ఉంది, దాని తర్వాత వచ్చిన దానిదీ ఉంది. మధ్యలో వచ్చిన ఈ మోడల్‌ది లేదు. మూడింటి తెర సైజూ ఒకటే. వెనక అతికే రిబ్బన్ మాత్రం మూడింటికీ మూడు రకాలు. నెలకో మోడల్ తెస్తే పేపర్లో నెలకో వార్త వస్తుంది. కానీ ప్రతి మోడల్‌కూ టచ్, డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ జాక్ నిల్వ చేయాల్సినవాళ్లు ఎవరూ ఉండరు. ఆ అమ్మాయి ఫోన్‌ను డ్రాయర్‌లో పెట్టుకుని, మా దగ్గరే సెకండ్ హ్యాండ్ నోకియా కీప్యాడ్ ఫోన్ కొనుక్కుని పోయింది. అలాంటి ఫోన్లు హాస్టల్ డ్రాయర్లలో ఎన్ని ఉండేవో.

ఇదంతా జరుగుతుండగానే 2014 జూలైలో చైనా కంపెనీ షావోమీ మన దగ్గరికి వచ్చింది. సెప్టెంబర్‌లో రెడ్‌మీ 1ఎస్ 5,999కి ఫ్లిప్‌కార్ట్‌లో. ఏ35కె కంటే ధర రెండింతలు, ర్యామ్ నాలుగింతలు, ఒక జీబీ. అది షాపుల్లో దొరికేది కాదు. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆన్‌లైన్ సేల్ తెరిచేవాళ్లు, క్షణాల్లో అయిపోయేది. మా షాపు పక్క నెట్ సెంటర్‌లో ఆ సమయానికి కుర్చీలు ఖాళీ ఉండేవి కావు. షావోమీకి అప్పుడు మన దగ్గర టీవీ ప్రకటనలు లేవు, సినిమా తారలు లేరు. ఫోన్ వచ్చినవాడు గదిలో వారం రోజులు అందరికీ చూపించేవాడు, అదే ప్రచారం. షాపువాళ్లుగా మాకు దానివల్ల ఒక్క రూపాయి రాలేదు, కోపం కూడా వచ్చింది. అయినా ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే కుర్రాళ్లది తప్పని అనలేకపోయాను. మూడు వేలు మాత్రమే ఉన్నవాళ్లు కూడా ఇంకో మూడు వేలు కూడబెట్టుకుందామని ఆగడం మొదలుపెట్టారు. దేశీ కంపెనీల లెక్కలో లేనిది ఇదే. పేదవాడు చవకది కొంటాడని అనుకున్నారు. పేదవాడు రెండోసారి కొనలేడు కాబట్టి ఆగి మంచిది కొంటాడని అనుకోలేదు.

2015 జూన్‌లో మేడ్చల్‌లో సెల్‌కాన్ ఫోన్ల తయారీ ప్లాంటు మొదలైంది. ఐటీ మంత్రిగా కె. తారక రామారావు ప్రారంభించారు. ఆ వార్త నాకు నిజంగా సంతోషం కలిగించింది. మన జిల్లాల పిల్లలు లైన్ల మీద కూర్చుని ఫోన్లు బిగిస్తున్నారంటే అది చిన్న విషయం కాదు. తర్వాతి సంవత్సరం ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అంటూ హడావుడి చేసింది. విలేకరులకు ఇచ్చిన ఫోన్ల మీద ఆడ్‌కామ్ అన్న పేరును వైట్‌నర్‌తో చెరిపిన సంగతి బయటపడింది. సెల్‌కాన్‌కు దాంతో ఏ సంబంధమూ లేదు. కానీ కౌంటర్ దగ్గర ‘ఇండియా కంపెనీ’ అనగానే గిరాకీ నవ్వడం అప్పటి నుంచే చూశాను. ఒకరి అబద్ధానికి అందరూ కట్టిన మూల్యం అది.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. జియోలో కాల్ మాట్లాడాలన్నా 4జీ ఫోన్ కావాలి. చవక 3జీ ఫోన్లు ఉన్న బాక్సులు ఉన్నట్టే మూలపడ్డాయి. రెండు నెలలకే నోట్ల రద్దు. మా బావ ఆ శీతాకాలంలో కొన్ని దేశీ కంపెనీల ఫోన్లను కొన్న ధర కంటే తక్కువకు వదిలించుకున్నాడు. ఈ దెబ్బలు ఏ కంపెనీ చేతిలోనూ లేనివి. అయితే అప్పటికి సెల్‌కాన్ ఫోన్ కోసం పట్టుబట్టి ‘నాకు అదే కావాలి, 4జీ వచ్చేదాకా ఆగుతా’ అనే గిరాకీ ఒక్కడు ఉన్నా కథ వేరుగా ఉండేది. కప్పులకూ ముఖాలకూ పెట్టిన ఖర్చు అలాంటి మనిషిని సంపాదించిపెట్టలేదు.

ఆ తర్వాత తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ దాకా షాపుల బోర్డులు నీలం, ఆకుపచ్చ రంగుల్లోకి మారిపోయాయి. వివో, ఒప్పో, రెండూ చైనా కంపెనీలే. వాళ్లూ క్రికెట్‌కు కోట్లు గుమ్మరించారు. 2016లో ఐపీఎల్ పేరు వివోది, 2017లో భారత జట్టు చొక్కా మీద ఒప్పో. పైకి చూస్తే సెల్‌కాన్ చేసిందే వాళ్లూ చేశారనిపిస్తుంది. తేడా మా షాపు లోపల ఉండేది. బోర్డు పెట్టించింది వాళ్లే, దానికి కరెంటు బిల్లు కూడా కొంత ఇచ్చేవాళ్లు. కౌంటర్ పక్కన ఒక స్టూలు వేసి ప్రమోటర్‌ను కూర్చోబెట్టారు, జీతం కంపెనీదే. మా షాపుకు వచ్చినామె అంబర్‌పేట అమ్మాయి, పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి మా దగ్గర. వచ్చిన గిరాకీకి డెమో పీస్ చేతికిచ్చి, వాళ్ల ఫొటో వాళ్లకే తీసి చూపించేది. ఫోన్ అమ్మాక కథ అయిపోయేది కాదు. పాత ఫోన్‌లో నంబర్లన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించేది, తెలుగు కీబోర్డు పెట్టించేది, నెల తర్వాత సమస్య వస్తే ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. “అక్కా, ఇది ఎట్ల చేసుడు?” అని.

సెల్‌కాన్ అలాంటి మనిషిని పెట్టుకోలేని కంపెనీ కాదని నా నమ్మకం. ఓయూ, జేఎన్టీయూ, కాకతీయ, ఎస్వీ, ఆంధ్రా యూనివర్సిటీల దగ్గర షాపుకొకరు చొప్పున మనుషులను కూర్చోబెట్టి, జగదీష్ మార్కెట్‌లో తన టచ్‌లూ బ్యాటరీలూ దొరికేలా చూసి, ఏడాదికి రెండే మోడళ్లు తెచ్చి, అందులో ఒకదానికి 512 ఎంబీ ర్యామ్ పెట్టి 3,999కి అమ్మి ఉంటే, దాన్ని ఓయూ పిల్లలు ఊళ్లకు మోసుకుపోయేవాళ్లు. ఆ వెయ్యి రూపాయల తేడాను భరించడానికి నా ఎదుట నిలబడ్డ పిల్లల్లో చాలామంది సిద్ధంగా ఉండేవాళ్లు. వాళ్లను అడిగినవాళ్లే లేరు.